తలంపుకు ప్రత్యుత్తరం: వ్యాకుల చిత్తం, విశ్వాసం, దినచర్య

క్రీ.శ. 383 ప్రాంతంలో ఎవాగ్రియస్ అనే క్రైస్తవ మతాధికారి అలెగ్జాండ్రియాకు దక్షిణాన ఉన్న నిట్రియా ఎడారిలో ప్రవేశించాడు. నల్లసముద్రతీరంలోని పాంటస్ ప్రాంతంలో పుట్టి, బేసిల్ చేతుల మీదుగా మతసేవలో అడుగుపెట్టి, నాజియాంజస్ వాసి గ్రెగొరీకి అంతేవాసియై, 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ జరిగే నాటికి వాదపటిమకు పేరుపొందిన ఆయన, రాజధానిలో చేతికందివచ్చిన ఉన్నతిని వదులుకోవడానికి వైరాగ్యం కన్నా ముందు భయమే కారణమైంది. ఒక ఉన్నతాధికారి భార్యపై కలిగిన అనురాగం తెచ్చిపెట్టగల విపత్తు ఆయన్ను కలలో సైతం వెంటాడగా నగరం విడిచి జెరూసలేము చేరాడు. అక్కడ నెలల తరబడి పీడించిన జ్వరం వైద్యులకు అంతుపట్టలేదనీ, ఒలీవల కొండపై మఠం నడుపుతున్న మెలానియా అనే రోమన్ కులీన స్త్రీ వద్ద మనసు విప్పి చెప్పుకొన్న తరువాతనే అది ఉపశమించిందనీ శిష్యుడు పల్లాడియస్ రాశాడు. ఆమె ప్రోద్బలంతోనే ఆయన సన్యాసియై ఈజిప్టుకు వెళ్లాడు. నిట్రియాలో రెండేళ్లు, దానికి ఆవల మరింత నిర్జనమైన కెల్లియాలో పద్నాలుగేళ్లు గడిపి, 399లో అక్కడే కన్నుమూశాడు.

ఆందోళన కలిగించే తలంపును పట్టి, పరీక్షించి, దానికి ఎదురుగా మరొక తలంపును నిలబెట్టే పద్ధతి ఇరవయ్యో శతాబ్దపు చికిత్సాలయాల్లో పుట్టిందని ఈనాడు చాలామంది అనుకొంటారు. విశ్వాసులు కొందరు అది తమ గ్రంథంలో మాత్రమే ఉన్నదని అనుకొంటారు. చరిత్ర ఈ రెండు అభిప్రాయాలనూ సమర్థించదు. ఆ పద్ధతికి దీర్ఘమైన, దేశకాలాలు దాటిన ఆయుర్దాయం ఉంది. అయితే ఆ ఆయుర్దాయంలో అది ఏ దశలోనూ ఒంటరిగా ఫలించినట్లు కనిపించదు. పనికీ విశ్రాంతికీ ఆహారానికీ ప్రార్థనకూ సాటి మనుషుల సాంగత్యానికీ వేళలు నిర్ణయించిన దినచర్య దాని వెంట ఉన్న చోట అది నిలిచింది. ఆ దినచర్య నుంచి విడిపోయి కేవలం ఉపదేశంగానో తీర్పుగానో మిగిలిన చోట క్షీణించింది, కొన్నిసార్లు హాని కూడా చేసింది.

నిట్రియా జనహీనమైన అరణ్యమేమీ కాదు. అక్కడ సుమారు 5000 మంది సన్యాసులు ఉండేవారనీ, వారికి రొట్టెలు కాల్చడానికే ఏడు వంటశాలలు ఉండేవనీ పల్లాడియస్ సాక్ష్యం. కెల్లియాలో మాత్రం ఒక కుటీరానికీ మరో కుటీరానికీ మధ్య, ఒకరి అలికిడి ఒకరికి వినపడనంత దూరం. వారంలో అయిదు రోజులు ఎవరికి వారే. శనివారం, ఆదివారం అందరూ ఒకచోట చేరి ఆరాధన, భోజనం, పెద్దలతో సంభాషణ. కొందరు తాళ్లు పేనేవారు, కొందరు బుట్టలు అల్లేవారు. ఎవాగ్రియస్ అందమైన దస్తూరితో గ్రంథాలకు ప్రతులు రాసి, ఆ ఆదాయంతో రొట్టె కొనుక్కొనేవాడు. బాహ్య ప్రపంచపు ఒత్తిళ్లు తొలగిన ఆ ఏకాంతంలో మనసు నిశ్చలమవుతుందని ఆశించి వచ్చిన వారికి ఎదురైన అనుభవం వేరు. నగరంలో వస్తువులతోనూ మనుషులతోనూ సాగిన సంఘర్షణ ఇక్కడ వాటి తలంపులతో సాగింది. ఈ రెండో సంఘర్షణే తీవ్రమైనదని ఎవాగ్రియస్ గుర్తించాడు.

ఆయన వాటిని ఎనిమిది వర్గాలుగా విభజించాడు. తిండి, కామం, ధనం, దుఃఖం, కోపం, అకీడియా అని పిలిచిన నిర్వేదం, కీర్తికాంక్ష, గర్వం అనేవి ఆ వరుస. ఈనాటి పాఠకుణ్ణి ఆశ్చర్యపరిచేది ధనాశను గురించిన వివరణ. అందులో బంగారం ప్రసక్తి లేదు. సుదీర్ఘమైన వృద్ధాప్యం, పని చేయలేని చేతులు, రాబోయే కరవులు, వ్యాధులు, పరుల ముందు చేయి చాచవలసిన అవమానం, ఇవన్నీ వరుసగా కళ్లముందు నిలిచే చిత్తస్థితిని ఆయన ధనాశ అన్నాడు. భవిష్యత్తును గురించిన భయాన్ని ఇంత సూక్ష్మంగా వర్ణించిన ప్రాచీన రచనలు అరుదు. అకీడియా వర్ణన దానికి తీసిపోదు. మధ్యాహ్నం పూట సూర్యుడు కదలనట్లు, పగటికి యాభై గంటలు ఉన్నట్లు తోస్తుంది. సన్యాసి మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు, భోజనవేళ ఎంత దూరమో లెక్కిస్తాడు. ఉన్న చోటు మీద, చేస్తున్న పని మీద ఏవగింపు పుడుతుంది. తోటివారిలో ప్రేమ నశించిందనీ తనను ఓదార్చేవారు లేరనీ అనిపిస్తుంది.

చికిత్స విషయంలో ఆయన చేసిన మొదటి నిర్ధారణ అతి ముఖ్యమైనది. ఇలాంటి తలంపులు వచ్చి కలత పెట్టడం, పెట్టకపోవడం మన అధీనంలో లేదు. అవి మనలో తిష్ఠ వేయడం, వేయకపోవడమే మన అధీనంలో ఉన్నది. ఈ ఒక్క విభజన వల్ల, తలంపు వచ్చినందుకు తనను తాను నిందించుకొనే భారం సాధకుడి భుజాల మీద నుంచి దిగిపోతుంది. తరువాతి మెట్టు పరిశీలన. ఏ తలంపు ఏ వేళకు వస్తుంది, ఎంత బలంగా వస్తుంది, దేని వెనుక ఏది వస్తుంది అన్నది గమనించి గుర్తుంచుకోవాలి. ఆ పైన ప్రత్యుత్తరం. దీని కోసమే ఆయన దాదాపు 500 సందర్భాలను ఎనిమిది భాగాలుగా సంకలనం చేసి, ఒక్కొక్క తలంపుకు ఎదురుగా బైబిల్ నుంచి ఒక్కొక్క వాక్యాన్ని నిలిపే గ్రంథం రచించాడు. గొంతు పెగలని నిర్వేదంలో ఆయన చెప్పిన ఉపాయం మరింత ఆర్ద్రమైనది. కన్నీళ్లతోనే ఆత్మను రెండు భాగాలు చేసుకొని, ఒక భాగం రెండో భాగాన్ని ఓదార్చాలన్నాడు. దావీదు తన ప్రాణాన్నే సంబోధించి ధైర్యం చెప్పుకొన్న కీర్తనను దానికి ఆదర్శంగా చూపాడు.

అయితే ఈ వాక్యప్రయోగాన్ని ఆయన మంత్రప్రయోగంగా భావించలేదు. చెదిరే మనసును నిలిపేవి పఠనం, జాగరణ, ప్రార్థన అనీ, రగిలే కోపాన్ని చల్లార్చేవి కీర్తన, సహనం, దయ అనీ చెప్పి, వెంటనే ఒక నియమం జోడించాడు: ఇవన్నీ తగిన వేళకు, తగిన మితిలో జరగాలి, వేళగాని వేళ, మితిమీరి చేసినవి నిలవవు, నిలవనివి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాయి. ఎడారి పెద్దల సూక్తిసంకలనాల్లో ఆంటోనీ గురించి చెప్పిన కథ కూడా ఈ దృష్టికి ప్రతిరూపమే. నిర్వేదంలో మునిగి దారి చూపమని దేవుణ్ణి వేడుకొన్న ఆంటోనీకి, తనలాంటి మనిషే ఒకడు కూర్చొని తాడు పేనుతూ, కాసేపటికి లేచి ప్రార్థిస్తూ, మళ్లీ కూర్చొని పనిలో నిమగ్నమవుతూ కనిపించాడనీ, అలాగే చేయమన్న ఆదేశం వినిపించిందనీ ఆ కథ. మనిషి రూపంలో కనిపించిన ఆ దేవదూత సందేశంలో సిద్ధాంతమేదీ లేదు. అంతకు ఎన్నో శతాబ్దాల క్రితం, చావును కోరుకొంటూ అరణ్యంలో పడుకొన్న ఏలీయా ప్రవక్త వృత్తాంతంలో కూడా దూత మొదట చేసినది బోధ కాదు. రెండుసార్లు లేపి రొట్టె తినిపించి, నీళ్లు తాగించి, నిద్రపోనివ్వడం.

ఎవాగ్రియస్ విధానంలో లోపాలు లేవని చెప్పడం న్యాయం కాదు. తలంపుల వెనుక దుష్టశక్తుల ప్రేరణ ఉన్నదని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం తలంపును తననుంచి వేరుచేసి చూసే వెసులుబాటు కల్పించింది నిజమే. కాని దుర్బలమైన మనసుకు, తన చుట్టూ శత్రువులు పొంచి ఉన్నారన్న భావన ఎంత ఊరటో అంత భయం కూడా. పైగా ఈ శిక్షణ అంతా స్వచ్ఛందంగా ఎడారికి వచ్చి, అనుభవజ్ఞుడైన ఒక పెద్ద పర్యవేక్షణలో జీవించే వారి కోసం రూపొందింది. అది ఆ ఆవరణ దాటి బయటికి వచ్చినప్పుడు ఏమైందన్నదే తరువాతి కథ.

ఆయన మరణించిన మరుసటి సంవత్సరమే అలెగ్జాండ్రియా ధర్మాధ్యక్షుడు థియోఫిలస్, పూర్వపు క్రైస్తవ వేదాంతి ఆరిజెన్ సిద్ధాంతాలను అనుసరిస్తున్నారన్న ఆరోపణపై నిట్రియా సన్యాసుల్లో పలువురిని వెళ్లగొట్టాడు. 553 నాటి మహాసభ సందర్భంలో ఆరిజెన్ మతంతో పాటు ఎవాగ్రియస్ పేరు కూడా దూషితుల జాబితాకు ఎక్కింది. ఆయన రచనలు గ్రీకులో కొన్ని నీలస్ అనే మరొకరి పేరుతో చలామణి అయ్యాయి. తలంపులకు ప్రత్యుత్తరాలు చెప్పే ఆ గ్రంథం సంపూర్ణంగా సిరియాక్ అనువాదం వల్ల దక్కింది. పశ్చిమానికి ఆ విద్యను మోసుకుపోయినవాడు జాన్ కాసియన్. ఈజిప్టులో ఆ సన్యాసుల మధ్య నివసించి, చివరికి మార్సెయ్‌లో మఠాలు స్థాపించిన కాసియన్, ఎనిమిది తలంపులను లాటిన్ పాఠకులకు పరిచయం చేస్తూ, పాల్ అనే ముని కథ చెప్పాడు. అంగడికి చాలా దూరంగా ఉండడం వల్ల, అల్లిన సరుకు అమ్ముకొనే వీలు లేకపోయినా ఆ ముని ప్రతిరోజూ తాటాకు పని చేసి, ఏడాది చివర ఆ మొత్తాన్నీ తగులబెట్టి మళ్లీ మొదలుపెట్టేవాడట. కాసియన్‌కు ఆ పనిలో లాభం ముఖ్యం కాదని తెలుసు.

ఆరో శతాబ్దాంతంలో పోప్ గ్రెగొరీ ఈ జాబితాను సవరించి ఏడుకు కుదించినప్పుడు, నిర్వేదం దుఃఖంలో కలిసిపోయింది. గమనించవలసిన తలంపులు క్రమంగా ఒప్పుకోవలసిన పాపాలయ్యాయి. గ్రెగొరీని దీనికి నిందించడం సులభం, కాని సమంజసం కాదు. సామ్రాజ్య వ్యవస్థ కూలుతున్న ఇటలీలో, లక్షలాది సామాన్యులకు నైతిక మార్గదర్శనం చేయవలసిన పాలకుడి అవసరాలు వేరు, కెల్లియా కుటీరవాసి అవసరాలు వేరు. అయినా నష్టం జరిగిందన్నది కాదనలేం. తలంపు రావడం వేరు, దానికి లొంగడం వేరు అన్న విభజన సామాన్య విశ్వాసి చేతికి అందకుండా పోయిన చోట, వ్యాకులత అనుభవిస్తున్న మనిషికి ఆ వ్యాకులతే తన అవిశ్వాసానికి రుజువుగా కనిపించడం మొదలైంది. ఈ ఛాయ యూరప్ ఆత్మకథల్లో తరువాత వెయ్యేళ్ల పాటు కనిపిస్తుంది.

పీడించే తలంపును ఎలా ఎదుర్కోవాలన్న ఈ ప్రశ్నకు ఇతర సంప్రదాయాల్లో సమాధానాలు అంతకు ముందూ తరువాతా రూపొందాయి. పాళీ వాఙ్మయంలోని మజ్ఝిమ నికాయపు ఇరవయ్యో సుత్తం, పీడించే వితర్కాలను తొలగించుకోవడానికి బుద్ధుడు చెప్పిన అయిదు పద్ధతులను వివరిస్తుంది: మంచి ఆలంబనను బదులుగా నిలపడం, ఆ తలంపు తెచ్చే కీడును చూడడం, పట్టించుకోకుండా వదిలేయడం, దాని మూలాన్ని క్రమంగా శాంతింపజేయడం, ఇవేవీ ఫలించనప్పుడు పళ్లు బిగించి అణచడం. బలవంతంగా అణచడాన్ని చిట్టచివరికి నెట్టిన ఆ క్రమం గమనార్హం. పతంజలి చెప్పిన ప్రతిపక్షభావన కూడా యోగసూత్రాల్లో ఎక్కడో ధ్యానప్రకరణంలో కాక, శౌచం, సంతోషం, స్వాధ్యాయం మొదలైన నియమాలను చెప్పిన వెంటనే, ఆసనప్రసక్తి కన్నా ముందే వస్తుంది. తలంపును తలంపుతో ఎదుర్కోవడం దైనందిన నియమాలకు తోడుగా ఉండవలసిన సాధన అని ఆ స్థానమే చెబుతోంది. ఇక పదిహేనో శతాబ్దంలో మడికి సింగన తెనిగించిన వాసిష్ఠ రామాయణం మూలకథ తెలుగు పాఠకులకు పరిచితమే. తీర్థయాత్ర ముగించి వచ్చిన రాముడు కృశించి, అన్నపానాల మీదా నిత్యకృత్యాల మీదా ఆసక్తి కోల్పోయి, ఏకాంతంలో చింతాక్రాంతుడై ఉంటే, విశ్వామిత్రుడు దాన్ని దోషంగా ఎంచలేదు, వసిష్ఠుణ్ణి బోధించమన్నాడు. ఆ బోధ యోగవాసిష్ఠంలో రోజుల తరబడి సాగుతుంది. సాయంకాలమైతే సభ చాలించి అందరూ సంధ్యకు లేస్తారు, మరునాడు స్నానాదికాలు ముగించుకొని మళ్లీ సమావేశమవుతారు. తత్త్వం ఎంత ఉన్నతమైనదైనా దినక్రమాన్ని భంగపరచలేదు.

ఇస్లామీయ ప్రపంచంలో, ఇప్పటి అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతీయుడైన అబూ జైద్ అల్-బల్ఖీ, క్రీ.శ. 934లో మరణించిన పండితుడు, దేహానికీ ఆత్మకూ కలిపి ఒకే ఆరోగ్యగ్రంథం రాశాడు. భయాన్నీ దుఃఖాన్నీ కోపాన్నీ వేధించే దురూహలనూ వేర్వేరు బాధలుగా గుర్తించి, దేహారోగ్యం చెడితే మనసూ మనసు చెడితే దేహమూ చెడతాయని వాదించాడు. మనసు కుదురుగా ఉన్న రోజుల్లోనే ధైర్యమిచ్చే ఆలోచనలను, అత్యవసరానికి ఇంట్లో దాచుకొనే ఔషధాల వలె, సమకూర్చుకొని ఉంచాలన్నది ఆయన సలహా. ఆపద వచ్చిన క్షణంలో వెదుక్కోవడం ఆలస్యమని వైద్యానుభవం ఆయనకు నేర్పి ఉంటుంది.

యూరప్‌లో మత సంస్కరణోద్యమం ఈ సమస్యను తీవ్రతరం చేసింది, దానితో పాటే కొంత ఊరటా ఇచ్చింది. మధ్యవర్తులు లేకుండా దేవుని ముందు ఒంటరిగా నిలబడిన అంతరాత్మకు, తాను రక్షితుణ్ణా కాదా అన్న సందేహం నిత్యబాధ అయింది. లూథర్ స్వయంగా ఆ బాధ అనుభవించినవాడు. 1530లో కోబర్గ్ కోటలో ఉండగా, తన పిల్లల ఉపాధ్యాయుడైన వెల్లర్ కుంగుబాటులో పడ్డాడని తెలిసి రాసిన ఉత్తరంలో, దుష్టుడు తెచ్చే తలంపులతో వాదానికి దిగవద్దనీ, ఏకాంతాన్ని విడిచి నలుగురిలో కూర్చొని మాట్లాడి, నవ్వి, ఆడి, కాస్త ఎక్కువగా తాగినా తప్పులేదనీ చెప్పాడు. శతాబ్దం గడవకముందే, 1621లో, ఆక్స్‌ఫర్డ్ పండితుడు రాబర్ట్ బర్టన్ విషాదరోగం మీద వెలువరించిన బృహద్గ్రంథంలో మతపరమైన విషాదానికి ప్రత్యేక ప్రకరణం కేటాయించాడు. అన్ని వందల పుటల పాండిత్యం తరువాత ఆయన చివరగా చెప్పినది ఒంటరిగా ఉండవద్దనీ, ఖాళీగా ఉండవద్దనీ మాత్రమే.

పద్దెనిమిదో శతాబ్దంలో కవి విలియం కూపర్ జీవితం ఈ చరిత్రలో అత్యంత బాధాకరమైన అధ్యాయం. 1763లో ప్రభువుల సభలో గుమాస్తా పదవి కోసం బహిరంగ పరీక్షకు నిలబడవలసి రావడంతో ఆ భయం భరించలేక ప్రాణత్యాగానికి ప్రయత్నించిన కూపర్, సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ కాటన్ సంరక్షణలో బైబిల్ చదువుతూ కోలుకొన్నాడు. తరువాత ఓల్నీ గ్రామంలో మతబోధకుడు జాన్ న్యూటన్‌తో కలిసి భక్తిగీతాలు రచించాడు. 1773లో మళ్లీ కుంగిపోయినప్పుడు, దేవుడు తనను శాశ్వతంగా త్యజించాడన్న తీర్పు కలలో విన్నానని నమ్మి, ఆపైన చనిపోయేదాకా చర్చిలో అడుగుపెట్టలేదు. న్యూటన్ కఠోర సిద్ధాంతమే ఆయన్ను దెబ్బతీసిందన్న విమర్శకులూ, ఏడాదికి పైగా తన ఇంట్లోనే ఉంచుకొని సేవ చేసిన న్యూటన్ ఔదార్యాన్ని చూపేవారూ ఉన్నారు. రెండు వాదాల్లోనూ సత్యం ఉంది. ఏ వాక్యమూ కూపర్ తీర్పును ఛేదించలేకపోయిన ఆ సంవత్సరాల్లో ఆయన్ను నిలబెట్టినవి మూడు పెంపుడు కుందేళ్లు, వడ్రంగిపని, తోటపని, రోజూ స్నేహితురాలు మేరీ అన్విన్ సాంగత్యం, ఆ తరువాత కవిత్వం. 1785లో వెలువడిన ఆయన మహాకావ్యం ఆ దినచర్య ఒడిలోనే పుట్టింది. అయినా 1800లో ఆయన నిరాశలోనే మరణించాడు. దినచర్య ప్రాణాన్ని కాపాడగలిగింది; ఆ తీర్పును మాత్రం తుడిచివేయలేకపోయింది.

కూపర్ జీవించి ఉండగానే యార్క్ నగరంలో క్వేకర్ మతస్థులు మరొక మార్గం తెరిచారు. 1790లో హన్నా మిల్స్ అనే క్వేకర్ వితంతువు అక్కడి ఉన్మాద చికిత్సాలయంలో చేరిన కొద్ది వారాల్లోనే, చూడవచ్చిన తోటి విశ్వాసులను లోపలికి రానివ్వని స్థితిలో, మరణించింది. కలత చెందిన తేనీటి వర్తకుడు విలియం ట్యూక్ తన సమాజాన్ని ఒప్పించి, 1796లో రిట్రీట్ అనే ఆశ్రయాన్ని నెలకొల్పాడు. ప్రతి మనిషిలోనూ దైవజ్యోతి ఉంటుందన్న క్వేకర్ విశ్వాసం అక్కడ కట్టడంలోనూ కార్యక్రమంలోనూ కనిపించింది. గొలుసులు లేవు, కిటికీల ఇనుప చట్రాలు కొయ్యవాటిలా కనిపించేట్లు అమర్చారు, ఆవరణల్లో కుందేళ్లు, కోళ్లు తిరిగేవి, తోటపని, కుట్టుపని, తేనీటి విందులు, ఆరాధన ఉండేవి. రోగి భ్రమతో వాదించి గెలవాలని ప్రయత్నించవద్దని, ఆ భ్రమకు తావులేని ఇష్టమైన పనివైపు మనసు మళ్లించమని పరిచారకులకు సూచన. విలియం మనుమడు శామ్యూల్ 1813లో ప్రచురించిన వివరణ అట్లాంటిక్ ఆవలకు కూడా ఆ పద్ధతిని చేర్చింది.

1961లో మిషెల్ ఫూకో, యార్క్ ఆశ్రయం గొలుసు స్థానంలో అపరాధభావాన్ని బిగించిందని విమర్శించాడు. తేనీటి బల్ల వద్ద మర్యాదగా కూర్చోవలసిన రోగి, నిరంతరం తనపై నిఘా ఉన్నదన్న స్పృహతోనే తనను అదుపు చేసుకొన్నాడన్నది ఆయన వాదసారం. శామ్యూల్ ట్యూక్ గ్రంథంలోనే, రోగిలోని భయాన్ని ప్రయోజనకరంగా వాడవచ్చునన్న అభిప్రాయం ఉన్నందువల్ల ఈ విమర్శను కొట్టిపారేయలేం. కాని హన్నా మిల్స్ మరణించిన చోటుకూ ఈ తోటకూ మధ్య తేడాను కేవలం బంధనరూపంలో వచ్చిన మార్పుగా చూడడానికి చరిత్రకారుడి మనస్సాక్షి ఒప్పుకోదు.

ఇరవయ్యో శతాబ్దారంభంలో బోస్టన్ నగరంలోని ఎమ్మానుయేల్ చర్చి ఈ రెండు ధారలనూ, అంటే వైద్యాన్నీ విశ్వాసాన్నీ, ఒకే కప్పు కిందికి తేవడానికి ప్రయత్నించింది. దాని బోధకుడు ఎల్వుడ్ వూస్టర్ జర్మనీలో లీప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞానం అభ్యసించినవాడు. 1905లో ఆ చర్చి ఆర్థిక సహాయంతో డాక్టర్ జోసెఫ్ ప్రాట్ పేద క్షయరోగులకు నడిపిన తరగతి వారి తొలి ప్రయోగం: రోగి ఇంటివద్దే విశ్రాంతి, ఆహారం, ఆరుబయటి గాలి, ఉష్ణోగ్రతా దినచర్యా రాసుకొనే పుస్తకం, వారానికొకసారి తోటి రోగులతో సమావేశం. ఆ విజయం చూసి, 1906 నవంబరులో వూస్టర్, ఆయన సహచరుడు మెకూంబ్ నరాల బలహీనత, ఆందోళన, వ్యసనాలతో బాధపడేవారికి అదే పద్ధతి విస్తరింపజేశారు. ముందు వైద్యపరీక్ష, ఆ తరువాతే ఆధ్యాత్మిక సంభాషణ, మనసుకు ధైర్యపు సూచనలు, బుధవారపు సాయంసమావేశం, రుసుము లేదు. ప్రజల ఆదరణ వెల్లువెత్తింది, అనుకరణలు పెరిగాయి, దానితో పాటే వైద్యుల అనుమానమూ పెరిగింది. మొదట మద్దతునిచ్చిన నరాల వైద్యుడు జేమ్స్ జాక్సన్ పట్నమ్ దూరమయ్యాడు. 1909లో అమెరికా వచ్చిన ఫ్రాయిడ్, వైద్యశిక్షణ లేని మతబోధకులు మనోచికిత్స చేయడాన్ని ఆక్షేపించాడు. ఆక్షేపణలో న్యాయముంది. అయినా ఆ వివాదపు పర్యవసానంగా మనోచికిత్స, దాదాపు అర్ధశతాబ్దం పాటు, ఖర్చు భరించగల కొద్దిమందికే అందే ఏకాంత వ్యవహారంగా మిగిలిందన్నది కూడా చరిత్రలో భాగమే.

1960లలో ఫిలడెల్ఫియాలో ఏరన్ బెక్, తాను శిక్షణ పొందిన మనోవిశ్లేషణ సిద్ధాంతాన్ని రోగుల కలల ద్వారా నిరూపించబోయి, అందుకు విరుద్ధమైన ఫలితం పొందాడు. కుంగిపోయినవారి మనసుల్లో, వారు కూడా గమనించని వేగంతో, తమ గురించీ లోకం గురించీ భవిష్యత్తు గురించీ ప్రతికూల తలంపులు ప్రవహిస్తున్నాయని కనుగొన్నాడు. వాటిని కాగితం మీద రాసి, సాక్ష్యాధారాలతో పరీక్షించి, సబబైన బదులు రాయించే పద్ధతిని 1979లో సహచరులతో కలిసి సమగ్ర గ్రంథంగా వెలువరించాడు. దీని తాత్త్విక మూలాలు గ్రీకు స్టోయిక్కుల్లో ఉన్నాయని ఆయనా, అంతకు ముందే ఆ దారి పట్టిన ఆల్బర్ట్ ఎల్లిస్ కూడా ఒప్పుకొన్నారు. కెల్లియా కుటీరాన్ని వారు స్మరించకపోయినా, తలంపును గమనించు, వేళను గుర్తుంచుకో, ప్రత్యుత్తరం సిద్ధం చేసుకో అన్న వరుస అదే. తేడా ప్రత్యుత్తరపు ప్రామాణ్యంలో ఉంది: ఎవాగ్రియస్‌కు అది దైవవాక్యం, బెక్‌కు అది రోగి తానే సమీకరించిన సాక్ష్యం.

బెక్ చికిత్సలో గంటగంటకూ పనులు నిర్ణయించుకొనే పట్టిక కూడా మొదటి నుంచీ ఉంది. కాని జనంలో ప్రచారమైనది ఆలోచన మార్చుకొంటే అంతా మారుతుందన్న మాట మాత్రమే. 1996లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో నీల్ జేకబ్సన్ బృందం, 150 మంది డిప్రెషన్ రోగులను మూడు వర్గాలుగా చేసి, ఈ చికిత్సను విడిభాగాలుగా పరీక్షించింది. తలంపుల సవరణను పూర్తిగా వదిలేసి, దైనందిన కార్యకలాపాలను పునరుద్ధరించడం వరకే పరిమితమైన వర్గం, సంపూర్ణ చికిత్స పొందిన వర్గానికి ఏమాత్రం తీసిపోలేదు. ఆంటోనీకి కనిపించిన తాడు పేనే మనిషికి ఇంత ఆలస్యంగా ప్రయోగశాలలో సాక్ష్యం దొరికింది. విశ్వాసం పాత్రను గురించి 2015లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన హెరాల్డ్ కోనిగ్ బృందం 132 మందిపై జరిపిన అధ్యయనం అంతే నిగ్రహంతో కూడిన ఫలితమిచ్చింది. క్రైస్తవ, యూదు, ఇస్లాం, హిందూ, బౌద్ధ సంప్రదాయాలకు అనుగుణంగా మలచిన చికిత్స, సాధారణ చికిత్సతో సమానంగా పనిచేసింది. గాఢమైన మతనిష్ఠ గలవారికి కొంత అధికంగా ఉపకరించిన సూచనలు కనిపించాయి. మతం అవసరమే లేదన్నవారికీ, మతం ఒక్కటే చాలునన్నవారికీ ఈ ఫలితం అనుకూలించదు.

మన దేశంలో ఈ ప్రశ్న గ్రంథాలయాల్లో కాక దేవాలయాల ముంగిళ్లలో, దర్గాల ఆవరణల్లో పరీక్షకు నిలిచింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా సమీపంలో, మానసిక రోగులను ఉంచిన ఒక ప్రైవేటు వసతిలో నిప్పు రాజుకొన్నప్పుడు, గొలుసులతో కట్టివేసినందువల్ల తప్పించుకోలేక 28 మంది మరణించారు. దర్గాపై విశ్వాసంతో దూరప్రాంతాల నుంచి బంధువులు తెచ్చి వదిలిన మనుషులు వారు. ఆ మరుసటి సంవత్సరమే, అదే రాష్ట్రంలోని వేలాయుధంపాళయంపుదూర్‌లో ముత్తుస్వామి సమాధిపై వెలసిన ఆలయాన్ని గురించి రఘురామ్, ఆయన సహచరులు ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రచురించిన పరిశీలన వెలువడింది. తీవ్ర మానసిక రుగ్మతలతో వచ్చిన 31 మంది సగటున ఆరు వారాలు అక్కడ ఉన్నారు. ప్రత్యేక చికిత్సాక్రతువులేవీ లేవు; వెంట ఒక బంధువు, ఉదయపు పూజ, ఆవరణ ఊడ్చడం, మొక్కలకు నీళ్లు పోయడం, అంతే. వారి రోగలక్షణాల తీవ్రత దాదాపు 20 శాతం తగ్గింది. పోల్చి చూడడానికి వేరే వర్గం లేని చిన్న పరిశీలన ఇది. దీని మీద పెద్ద నిర్ధారణలు కట్టడం తగదు. అయినా రెండు చోట్లా విశ్వాసమే మనుషులను రప్పించింది; ఒకచోట వారికి గొలుసు దొరికింది, మరొకచోట చేతికి చీపురూ పక్కన తోడూ దొరికాయి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని ఏ రూపంలోనూ అనుమతించకుండా నిషేధించింది. అదే సంవత్సరం గోవాలోని పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 495 మందితో జరిగిన ఒక ప్రయోగ ఫలితాలు ప్రచురితమయ్యాయి. తీవ్రమైన డిప్రెషన్‌తో ఉన్నవారి వద్దకు వెళ్లిన సలహాదారులు మానసిక వైద్యులు కారు, పూర్వానుభవం లేని స్థానికులు. ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చొని, మానేసిన పనులేమిటో అడిగి, వాటిలో ఏది ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టవచ్చునో రోగితో కలిసి నిర్ణయించారు. వీలున్నప్పుడు కుటుంబంలోని ఒకరిని కూడా కూర్చోబెట్టుకొన్నారు. మూడు నెలల తరువాత చూస్తే, ఈ సహాయం పొందినవారిలో 64 శాతం మంది కోలుకొన్నారు. ఆరోగ్య కేంద్రపు మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 39 శాతం.